మూడు కాళ్ళ కుందేలు

తార్తులో జనవరి. నాలుగింటికే చీకటి.
తలుపు దగ్గర బూట్ల మంచు కరిగి
ఏ పటంలోనూ లేని దేశాల్ని నేల మీద గీస్తోంది.
బల్ల మీద, మ్యూజియం వాళ్ళు అరువిచ్చిన కుందేలు:
గడ్డి కూరిన ఒళ్ళు, గాజు కళ్ళు,
ఒక చెవికి చిమట కొట్టిన చిల్లు.

"ఉన్నది ఉన్నట్టు గీయకండి" అన్నాను.
అదే నా పాఠం. దానికే నాకు జీతం.
నీళ్ళు నింపిన సీసా వెనక నుంచి చూడండి,
చెంచా వీపు మీద చూడండి,
గీసిన కాగితం నలిపి, విప్పి,
ముడతలు ఎటు పొమ్మంటే అటు గీయండి.
చెవులు సాగనివ్వండి. పొట్ట కుంగనివ్వండి.
వంకర కూడా ఒక చూపేనని
పదకొండేళ్ళుగా చెప్తున్నాను,
కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

లెమ్మె పాత బస్సుల టైంటేబుళ్ళు కత్తిరించింది.
ఆమె కుందేలు వెన్నంతా బయల్దేరే వేళలే:
ఆరూ పది, ఆరూ నలభై, ఆదివారం లేదు.
తౌరి వాళ్ళ అమ్మమ్మ అల్లిక నమూనాలు తెచ్చాడు.
వాడి కుందేలు ఊపిరి పీలిస్తే
ఒక కుట్టు ఊడుతుందేమో అన్నట్టుంది.
మైదా జిగురు వాసన. కత్తెరల కిచకిచ.
ఎవరో విత్తనాల కేటలాగులోంచి ముల్లంగి కోసి
ముక్కు చేశారు. నవ్వాం.

మూల బల్ల దగ్గర హెల్దుర్.
ముప్ఫై ఏళ్ళు సరుకు రైలు నడిపి దిగినవాడు.
సీసా ముట్టుకోలేదు. చెంచా ముట్టుకోలేదు.
ముక్కు కాగితానికి ఆనేంత వంగి
గీసి, చెరిపి, గీసి,
రబ్బరు పొట్టుని అరచేత్తో ఊడ్చి
మళ్ళీ చెరిపి.

అతని బొమ్మ చూసి నాకు నోట మాట రాలేదు.
వెన్ను గీత సగం దాకా తిన్నగా వచ్చి
అక్కడ, కింద నుంచి ఎవరో వేలితో పొడిచినట్టు
ఉబ్బింది.
కన్ను ఉండాల్సిన చోట మసక.
కాళ్ళు మూడే.
నాలుగోది ఉండాల్సిన చోట తెలుపు కూడా కాదు,
తెలుపు అలిగి లేచిపోయిన జాగా.

"ఈ వంపు ఎలా పట్టారు?" అని అడిగాను,
అందరికీ వినబడేలా,
పాఠానికి పనికొస్తుందని.

"తిన్నగానే గీశాను" అన్నాడు.

నా వైపు కాక కొంచెం పక్కకి చూస్తూ
(అలా చూస్తేనే నా మొహం కనిపిస్తుందట)
"కంటి మధ్యలో ఏదో చెడింది.
ముందు పట్టాలు వంగాయి,
వల్గా ఇంకా రాకముందే, ఎప్పుడూ తిన్నగా ఉండే చోట.
బ్రేకు వేశాను. వెనక నలభై పెట్టెల కలప.
దిగి తడిమి చూశాను.
పట్టాలకేం కాలేదు."

కత్తెరలు ఆగాయి.
లెమ్మె వేళ్ళకి ఆదివారం అంటుకునుంది.

పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాణ్ణి
మొండివాడంటాం.
నాలుగోదాని కోసం అతనెంతసేపు వెతికాడో
కాగితం ఆ మూల చెప్తోంది:
చెరిపి చెరిపి పలచనై
బల్ల చెక్క జీరలు తేలాయి.

అతని చెయ్యి పట్టుకుని
కుందేలు వెనక కాలి మీద పెట్టాను.
మడమ, ఎముక, లోపలి ఇనుప తీగ
ఒక్కొక్కటే చదివాడు.
"చల్లగా ఉంది" అన్నాడు.
రొట్టె చుట్టి తెచ్చుకున్న గోధుమరంగు కాగితం,
వెన్న మరక ఉన్న వైపే,
కత్తెర లేకుండా చించి అంటించాడు,
చెయ్యి గుర్తుపెట్టుకున్న చోట.
కుందేలుకి జానెడు దూరంలో.

ఎవరూ సరిచేయలేదు.
నేను కూడా. పైగా నాకేం పాఠం ఉందని.

అందరూ వెళ్ళాక సీసా కడగబోతూ
కంటికెత్తి పట్టుకున్నాను.
కుందేలు నీళ్ళలో సాగి, చీలి, తలకిందులై
మాయమైంది.
దించగానే తిరిగొచ్చింది:
చిమట కొట్టిన చెవి, నాలుగు కాళ్ళు.

దించడం నా చేతిలో ఉంది.
కాళ్ళు మాత్రం
మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాను.