బొగ్గు

నల్లగా ఉందని కాదు.
పోర్టు గాలి మోసుకొచ్చిన బొగ్గుపొడి
కోటవీధి గచ్చు మీద రోజూ పరుచుకుంటే
దాన్లోనే దొర్లి, దాన్లోనే ఉచ్చ పోసి
మంచం దాకా అడుగులు అచ్చేసింది.
అందుకని బొగ్గు.

"మూతి అందులో రుద్దీ, మరింక మరిసిపోదు"
అంది కింది వాటా నూకరత్నం.
మెడ పట్టుకున్నాను కూడా.
అప్పుడు తగరపువలస హాస్టలు గుర్తొచ్చింది.
తడిసిన చాప నెత్తిన పెట్టుకుని
ప్రార్థన లైను ముందు నేను నిలబడ్డ పొద్దు.
చెయ్యి దానంతటదే వదిలేసింది.

తుడిచాను.
ఇంక నిద్ర లేవగానే, తిన్న వెంటనే,
ఆట మధ్యలో ముక్కుతో నేల వెతికినప్పుడల్లా
చంకలో పెట్టుకుని ఇరవై రెండు మెట్లు.
కింద పని కానిచ్చాక
ఉడికిన కవళ్ళ ముక్క, గోరంత.

ఆదివారం వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళు.
అమ్మ ఈర్పెనతో మెడ వెనకా తోక మొదట్లో దువ్వితే
కుంకుడు నురగలో పడ్డాయి పేలు.
దాని గోనెపట్టా మూడు రోజులుగా డాబా ఎండలోనే.
"మీద నుంచి నాకు దింపేత్తన్నావేటి?"
తిడుతూనే వచ్చి తోక పట్టుకుంది నూకరత్నం,
నలభై ఏడు దాకా లెక్కెట్టింది.

నిన్న రాత్రి మూడింటికి
ఓడ కూతేమో అనుకున్నాను.
తలుపు దగ్గర సన్నగా, బొగ్గు.
పరిగెత్తాం.
పదహారో మెట్టు మీద అయిపోయింది.
అది చెవులు వాల్చి గోడ వైపు చూసింది.
నేను పక్కనే చతికిలబడి
మడమ గోక్కుంటూ చెప్పాను:
రేపు పదిహేడు.