గమనికల గడి

బెండిగో. జూలై. బయట రెండు డిగ్రీలు.
శుక్రవారం లైబ్రరీ తలుపులు మూశాక
పాత సిస్టమ్‌లోంచి కొత్త సిస్టమ్‌లోకి
లక్షా ఎనభై వేల పుస్తకాల్ని దాటిస్తున్నాను.
పుస్తకాలు అరల్లోంచి కదలవు,
వాటి వివరాలే ప్రయాణం చేస్తాయి
నేనెప్పుడూ చూడని ఏ గదిలోని సర్వర్లకో.

తెర మీద ఎడమవైపు పాత గళ్ళు, కుడివైపు కొత్తవి.
పేరుకి పేరు, రచయితకి రచయిత, వెలకి వెల
బాణం గీసి కలుపుకుంటూ పోవాలి.
ఒకరకంగా పెళ్ళిళ్ళ పేరయ్య పని.

తెలుగు అర దగ్గర గంటన్నర పట్టింది.
ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించిన పేర్లు.
కలానికీ కాలానికీ తేడా లేదు,
కలకీ కళకీ అంతకన్నా లేదు.
కలం అడిగినవాళ్ళ చేతికి ఇన్నేళ్ళూ కాలం వచ్చింది.
ఒక్కోదానికీ దాని లిపి తొడిగాను.
మొదట ఖాళీ డబ్బాలా నిలబడ్డ ళ
ఫాంటు మార్చగానే
పిల్లి పడుకున్నట్టు చుట్టుకుంది.

ఒక్క గడికి మాత్రం జోడీ దొరకలేదు.
సిబ్బంది గమనికలు.
ఇరవై ఆరేళ్ళు నోరీన్ ట్రెగియర్ రెండు వేళ్ళతో టైపు చేసినవి:

ఈయనకి చూపు ఆనదు. గడువు తేదీ పైకి చదివి చెప్పండి.
ఇల్లు కాలిపోయింది. ఫైను వద్దు. పుస్తకాల ఊసెత్తొద్దు.
నలభయ్యో పేజీలో టీ మరక పాతది, పిల్లాడు చేసింది కాదు.
ఈమె ఆఖరి పేజీ ముందు చదువుతుంది. చూసి ఇవ్వండి.
మంగళవారాలు వస్తాడు. ఏమీ తీసుకోడు. హీటర్ పక్క కుర్చీ ఆయనది.

కంపెనీ మాన్యువల్‌లో ఈ గడికి ఒకటే మాట: వదిలేయండి.
తప్పనలేను.
ఒకరి కష్టం ఇంకొకరి తెర మీద ఉండకూడదని
చట్టం ఉంది, దాని కింద నా సంతకమూ ఉంది.

కొత్తది చురుకైనది.
పది పుస్తకాలు దొంతరగా పెడితే ఒక్క చూపులో చదివేస్తుంది.
కార్డు చూపిస్తే అర్ధరాత్రయినా తలుపు తీస్తుంది,
మనిషి నడిచిన మేరకే దీపాలు వెలిగిస్తుంది.
వెక్కిరింపు కాదు.
డ్యూటీ దిగిన నర్సు జోసెలిన్
తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చి పుస్తకం మార్చుకెళ్తోంది,
నోరీన్ రోజుల్లో ఐదున్నరకే తాళం.
వచ్చే ఏడాది నుంచి అడిగితే జవాబే చెబుతుందట,
పుస్తకం దాకా వెళ్ళే శ్రమ ఉండదట.
ఇది చదివినవారు అదీ చదివారు, అంటుంది ఇప్పటికే.
ఎందుకు చదివారో
దానికి ఎవరూ చెప్పలేదు.

ఒంటిగంట దాటాక
చేయకూడని పని చేశాను. నా కార్డు నెంబరు కొట్టాను.
పదకొండేళ్ళ కిందటి అక్టోబరు,
ఈ ఊరొచ్చిన మూడో వారం:

ఈమెకి ఇంగ్లీషు బాగా వచ్చు.
గట్టిగా, నెమ్మదిగా మాట్లాడకండి.

ఆ రోజుల్లో బ్యాంకులో, కూరల కొట్లో, పిల్లల బడిలో
అందరూ నాతో
చెవిటివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేవారు.
ఇక్కడ ఎందుకు మాట్లాడలేదో
నేనెప్పుడూ ఆలోచించనే లేదు.

కాఫీ చల్లారిపోయింది.
టీ మరకని పుస్తకం స్థితి అనే గడిలోకి చేర్చాను,
పుస్తకానికి గోప్యత లేదు కనక.
మిగతావి
తొలగించాలా అని రెండుసార్లు అడిగింది.
రెండోసారి అవును నొక్కడానికి
గోడ గడియారంలో ఏడు నిమిషాలు.

సోమవారం పొద్దున
శరణార్థి శిబిరంలో పుట్టి ఇక్కడ పెరిగిన ఎహ్ సో
కొత్త కియోస్కుకి అంటిన ప్లాస్టిక్ పొర ఊడదీస్తున్నాడు.
ఒక సంగతి చెబుతాను, ఎక్కడా రాసుకోకు, అన్నాను.
ఎవరికీ రిపోర్టు చెయ్యాలా, అన్నాడు.
వద్దు. కుర్చీ గురించి.

మంగళవారం పదీ పదికి
గేటు ఒకటి లెక్కపెట్టుకుంది.
ఎహ్ సో తలెత్తకుండానే
కాలితో హీటర్ మీట నొక్కాడు.