నాలుగో గంధకం

టార్టులో జనవరి. కిటికీ అవతల
ఎమాయిగి నది తెల్లగా బిగుసుకుపోయింది.
విర్వె చేతిలో మంచుగడ్డల డబ్బా, అందులో
బాక్టీరియా నుంచి పిండి తీసిన ఎంజైము,
చిటికెన గోరంత.

నాలుగు సిస్టీన్లు దానికి, ఎక్కడెక్కడో మడతల్లో.
మందు చుక్క పడితే
చేతికందిన ప్రతి గంధకమూ పచ్చగా పలుకుతుంది.
ఒకటి. రెండు.
చాలా ఆలస్యంగా మూడు.
నాలుగోది గంటైనా ఉలకదు.

వాళ్ళ నాన్న అర్వెద్ ఇళ్ళల్లో వెచ్చపొయ్యిలు కట్టేవాడు.
వేలి కణుపుతో పెంకు పెంకునీ తట్టి
ఏది బోలో చెవితోనే చెప్పేవాడు.
"మంట ఇక్కడ. దాని కళ్ళెం అదిగో, అక్కడ"
అని పొగగొట్టం మెడలో ఇనప రేకు చూపించేవాడు.

తను వండిన సరుకే తనమీద ఎక్కి కూర్చుందేమో
ఈ ఎంజైముకి?
రాత్రంతా కడిగింది. మళ్ళీ చుక్క వేసింది.
పసుపు.
సన్నగా, సిగ్గుపడుతున్నట్టు, నాలుగోది.

ఈసారి ఆ ఒక్కదానికీ మూతేసి
సరుకు తిరిగి పోసింది. ఇంకా పోసింది.
ఎంజైము ఆగలేదు.
రేకు మూయడం మరిచిన పొయ్యిలా
ఉన్న కట్టెలన్నీ తినేస్తోంది,
మంటకి ఎంతో దూరాన ఒక చిన్న మూల మూగబోయినందుకు.

నోటుబుక్కులో తేదీ వేసి, కింద ఏమీ రాయలేదు.

ఆరో నంబరు బస్సులో
కుళ్ళుగుడ్ల వాసనకి పక్కావిడ లేచి
వెనక సీటుకి పోయింది.
విర్వె చేతులు వాసన చూసుకుంది.
మంచు పట్టిన అద్దాన్ని కణుపుతో తట్టి
చెవి ఆనించింది.