ఆకాశరామన్న ఉత్తరాలు

మెరిదాలో మే నెల. గోడలకు కూడా చెమట.
ఆసుపత్రి నేలమాళిగలో రాత్రి పదకొండింటికి
రోటరు తిరుగుతోంది,
దూరాన ఎవరో పిండిమర ఆడిస్తున్నట్టు
ఒకటే హోరు.

ఆ గొట్టంలో దోన్యా ఫిదెన్సియా చుక్ ఉంది,
ఉయ్యాలలు అల్లే మనిషి.
చిన్న కన్ను, గట్టి ముడి,
ఆమె ఉయ్యాల్లో ముగ్గురు పడుకున్నా సాగదు.
మొత్తం మనిషి కాదులే.
పిత్తాశయం తీసేటప్పుడు డాక్టరు కోసిచ్చిన చారెడు కొవ్వు,
రెండు రోజులు అది ఊరిన ద్రవం.

సంతకం పెట్టమంటే కాగితం వంక చూడలేదు,
నా వంక చూసింది.
"పారేసేదానితో నీకేం పని, నిదెల్వియా?"

మేమూ అలాగే అనుకున్నాం, చాలా ఏళ్లు.
కణం గుమ్మం బయటికి విసిరిన చెత్త అని.
విప్పి చూస్తే పొట్లాలు,
వెంట్రుక మందంలో వెయ్యోవంతుకు అటూ ఇటూ,
లోపల మడిచిపెట్టిన చిట్టీలు.
కొవ్వు రాస్తుంది, కాలేయానికి అందుతుంది.
కొవ్వు రాస్తుంది, కండకు అందుతుంది.
కింద సంతకం ఉండదు.
'ఇన్సులిన్ వచ్చి పిలిస్తే పలకొద్దు'
అని ఉంటుందనుకుంటాను కొన్నింటిలో.
అన్నింటిలో కాదు.
సన్న ఎలుక రాసినవి లావు ఎలుకకు ఎక్కిస్తే
దాని చక్కెర దిగిందని చదివిన రోజు
నేను దిగాల్సిన చోట బస్సు దిగలేదు.

ఈ నేల మీద నదులు లేవు.
నీళ్లన్నీ సున్నపురాయి అడుగున, చీకట్లో.
ఏ ఊరి మురికి ఏ బావిలో తేలుతుందో
తేలేదాకా తెలీదు.
ఇంతకంటే బాగా చెప్పలేక ఆమెకు ఇదే చెప్పాను.
పకపకా నవ్వింది.
"అయితే నా పొట్టే
నా మీద చాడీలు మోస్తోందన్నమాట!"
మర్నాడు చక్కెర మూడువందల పది.
ఎడమకాలి బొటనవేలు నల్లబడుతోంది.
చిక్కు తీసేటప్పుడు
దారం కొస తగిలించుకునేది ఆ వేలికే.

తిప్పే ముందే
గొట్టం గోడ మీద నీలి సిరాతో చుక్క పెట్టాను.
ఆగాక అవి అక్కడే పేరుకుంటాయి,
కంటికి మాత్రం ఆనవు.
చుక్కను నమ్మి పైతేట వంచేయాలి, చెయ్యి వణక్కుండా.
ఎదుటి రంధ్రంలో తూకం కోసం
అంతే బరువు ఉప్పునీళ్లు,
ఎవరివీ కావు.

హోరు తగ్గుతోంది.
ఆదివారం వెళ్లి ఆమెకు ఉయ్యాల డబ్బులివ్వాలి.
గడపలోనే అడుగుతుంది,
ఏం రాసి ఉందని.