పొలుసు తీసి, ముల్లు ఉంచి

కిసుమూ బస్టాండు వెనక
టైర్ల దుకాణం పక్క మెట్లెక్కితే
నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, నేను.
ఈమెయిలు ఒకటికి ఇరవై షిల్లింగులు.
తిట్లకి విడిగా రేటు లేదు,
ఎందుకంటే తిట్లు నేను టైపు చేయను.

చేపలమ్మే అపోండి వస్తుంది,
ఆమెకంటే ముందు సరస్సు వాసన మెట్లెక్కుతుంది.
ఐసు కంపెనీ ఫ్రీజరు రెండు రాత్రులు ఆగిపోయిందట,
నలభై కిలోల తిలాపియా మురిగిపోయిందట.
రాయమంటుంది: దొంగలు, వాళ్ల తాతలు దొంగలు,
ఆ ఫ్రీజర్లో వాళ్లనే పడుకోబెట్టాలి.
నేను కీబోర్డు మీద వేళ్లుంచి ఆగుతాను,
వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డట్టు.
తర్వాత అడుగుతాను.
ఏ తేదీ? ఎన్ని కిలోలు? రసీదు నంబరుందా?
నీకేం కావాలి, వాళ్ల సిగ్గా, నీ డబ్బా?
చాలాసేపు ఆలోచించి
"రెండూ" అంటుంది.
డబ్బు గురించి రాస్తాం.

మకోఖా బ్యాంకు వాచ్‌మన్.
టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
తమ్ముడు పోయాడు. ఊరు బుంగోమా అవతల.
విషయం అనే గడిలో ఏం రాయను?
అతను చెప్పింది: "మా బారసా, నాకన్నా పొడుగు."
నేను రాసింది: "సెలవు విన్నపం, గురు, శుక్రవారాలు."
ఆ గడిలో మనిషి పట్టడు.
కింద మూడు వాక్యాలు:
ఎందుకు, ఎన్నాళ్లు,
ఆ రెండు రాత్రులూ గేటు దగ్గర ఎవరుంటారు.
"దయచేసి" రెండుసార్లు పడింది. ఒకటి తీసేశాను.
ఒకటైతే అడగడం,
రెండోది కాళ్ల మీద పడటం.
పొడుగు సంగతి ఎక్కడా రాయలేదు.
అతను మెట్లు దిగాక కూడా
అది నా వేళ్ల చివర్లలోనే ఉంది.

ఇన్ని రాసినదాన్ని,
నాదొకటి పదకొండు వారాలుగా డ్రాఫ్టుల్లో పడి ఉంది.
"గౌరవనీయులైన ఒండీటి గారికి,
మీరు క్షేమమని తలుస్తాను."
ఆ తర్వాత తెలుపు.
ఒండీటి గారు ఈ కొట్టు యజమాని, ఉండేది నకూరులో.
మూడు నెలల జీతం కూడా అక్కడే ఉంది, క్షేమంగా.

కంపెనీ సగం డబ్బు ఇస్తానందని చెప్పడానికి వచ్చి
అపోండి నా భుజం మీదుగా తెర చూసింది.
కూడబలుక్కుని చదివింది.
"ఇదేంటే అవూర్, చేప లేని పులుసు?"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.
"నేను చేప బాగుచేయడం చూశావుగా.
పొలుసు తీస్తాను, పేగులు తీస్తాను,
నడిముల్లు మాత్రం ముట్టను.
అది తీస్తే ముద్దవుతుంది, ఎవరు కొంటారు?"
స్టూలు లాక్కుని కూర్చుంది.
"ఏ తేదీ? ఎంత? నీకేం కావాలి?"
అచ్చం నా గొంతే.

ఏప్రిల్, మే, జూన్ అని రాశాను. మొత్తం రాశాను.
"వచ్చే శుక్రవారంలోగా పంపగలరా" అని రాస్తే
"చేతులున్నాయిగా, పంపగలడు. పంపమను" అంది.
పంపండి అని దిద్దాను.
ముందు ఒక్క దయచేసి.

ఆమె ఇరవై షిల్లింగుల నాణెం బల్ల మీద పెట్టింది.
"నీకు రాసేవాళ్లెవరూ లేరుగా. ఈసారికి ఖర్చు నాది."

నొక్కాను.
నాణెం గల్లాపెట్టెలో వేశాను.
గల్లాపెట్టె కూడా ఒండీటిదే.
రసీదు పుస్తకంలో రాశాను: ఈమెయిలు, ఒకటి.
పేరు దగ్గర కాసేపు ఆగి,
పూర్తి పేరు రాశాను.