ఓడదొంగ రాత్రి, కళింగపట్నం

ఈ ఏడు దొంగ వేషం నాకిచ్చారు.
రేషన్ షాపులో తూకం వేసే చేతికి అట్టముక్క కత్తి,
పోస్టాఫీసు జిగురుతో అంటించిన మీసం.
ఉప్పుగాలికి ఒక పక్క ఊడి వేలాడుతుంటే
గుంటలంతా ఒకటే నవ్వు.

మావోళ్లు చెప్పే కత ఇది,
నిజమో కాదో వంశధారకే తెలియాలి:
పరదేశి ఓడని కొల్లగొట్టి
వెండి అనుకుని పెట్టె మోసుకొచ్చాడట దొంగ.
మూత తీస్తే అన్నీ పుస్తకాలు.
తిట్టాడు, ఉమ్మాడు,
మూడు రాత్రులు దానిమీదే తలపెట్టి పడుకున్నాడు.
నాలుగోనాడు బడిపంతుల్ని ఎత్తుకుపోయాడు.
"సదువు. నేదంటే సముద్రంలోకి తోసేత్తాను."

అందుకే ఏటా ఒకరిని ఎత్తుకుపోతాం.
ఈసారి గ్రంథాలయం కొత్తమ్మాయి, హేమసుందరి.
చెప్పులు చేత్తో పట్టుకుని తెప్ప ఎక్కుతూ
"నాకు ఈత రాదండీ" అంది, దొంగతో, మర్యాదగా.
మోకాటి లోతు నీళ్లు.
ఒడ్డున జీడిపప్పు పొట్లాలు, మైకు గరగర,
ఎవరూ వినని సర్పంచి ఉపన్యాసం.
దీపస్తంభం వెలుగు మామీంచి వెళ్లి
మళ్లీ వస్తోంది.

ఆమె చదవడం మొదలెట్టింది.
పేజీ తిప్పినప్పుడల్లా ఇసుక రాలుతోంది.
నేను గర్జించాల్సిన చోటు వచ్చింది,
దాటిపోయింది.
కత్తిని ఏ అల పట్టుకుపోయిందో.

గొంతు తడుపుకోడానికి ఒక్క గుక్క ఆగిందంతే.
చీకట్లోంచి, చీర తడుపుకుంటూ,
తెప్ప అంచు పట్టుకుంది
ఎండుచేపల మైలిపల్లి పోలమ్మ,
వేలిముద్ర తప్ప సంతకం ఎరగని మనిషి:

"ఆపీసినావేటమ్మా?
తరవాతేటయింది?"