తోడు

గోడ మాదీ వాళ్ళదీ ఒకటే.
అటువైపు మేకు కొడితే
ఇటువైపు మా క్యాలెండరు ఊగుతుంది.
అందుకే, విననట్టు ఉండటానికి
చాలా కష్టపడ్డాను నేను.
టీవీ గొంతు పెంచాను.
మిక్సీలో ఏమీ వేయకుండా తిప్పాను.
అన్నంలో చెయ్యి పెట్టి కదలకుండా కూచున్న మావాడితో
"మొగుడూ పెళ్ళాలు, మనకెందుకు" అన్నాను.

పొద్దున్న రేవులో లోవకుమారి
ఎడం చేత్తోనే గిన్నెలు తోమింది.
పంటు దిగుతుంటే జారి పడ్డానంది.
ఆ వారం పంటు నడవలేదు,
గోదారి వరద మీదుంది.
లంకలో అందరికీ తెలుసు.
ఎవరం అనలేదు.

రొయ్యల షెడ్డులో
వేళ్ళు మొద్దుబారేదాకా తలలు తీస్తాం.
అక్కడే అంది నూకరత్నం, ఐసునీళ్ళలోంచి చెయ్యి తీయకుండా,
"రాత్రి మా పాలు తోడుకోలేదే."
ఎవరికీ అర్థం కాలేదు.
"లోవకుమారింట్లో తోడు ఉంటుంది కదా.
చప్పుడైనప్పుడల్లా వెళ్ళి అడుగుదాం."

సచివాలయంలో మహిళా పోలీసు మంచి పిల్లే.
కాయితం రాసిస్తే వస్తానంది.
కాయితం లోవకుమారి రాయాలి,
ఆ చేత్తోనే.

మంగళవారం రాత్రి క్యాలెండరు ఊగింది.
గ్లాసు పట్టుకుని వెళ్ళాను.
తలుపు కొట్టిన చెయ్యి నాదేనా అనిపించింది.
"ఏటి?" అన్నాడు ఏడుకొండలు.
"తోడు" అన్నాను. ఇంకో మాట రాలేదు.
నా వెనక నూకరత్నం, గిన్నెతో.
ఆవిడ వెనక పీచుతాడు పేనే మరిడమ్మ,
పాడి లేదు, పాలూ కొనదు,
కొబ్బరిచిప్ప పట్టుకొచ్చింది.
"ఊరందరూ ఒక్క రాత్రే పాలు కాచారా?"
"కాచాం బాబూ" అంది ముసల్ది, అరుగెక్కి కాళ్ళు చాపుకుంటూ,
"నిదానంగా తెమ్మను. మాకేం తొందర లేదు."
లోవకుమారి వచ్చింది. చెంచా వణికింది.
గ్లాసులో ఒక చుక్క, గ్లాసు బయట రెండు.

అంతటితో ఆగిపోయిందని చెప్పను.
కార్తీకంలో ఒకసారి
మేం గ్లాసులు వెతుక్కునేసరికే ఆలస్యమైంది.
ఆ రాత్రి కూతుర్ని చంకనేసుకుని
మా చాప మీద పడుకుంది, కళ్ళు మూయలేదు.
తెల్లారాక కాయితం అడిగింది.
పెన్ను మావాడి బళ్ళోసంచీలో దొరికింది.
ఎడం చేత్తోనే రాసింది.
అక్షరాలు వంకర్లు పోయాయి,
పేరు మాత్రం నిండుగా రాసింది,
పుట్టింటి ఇంటిపేరుతో.

నిన్న రాత్రి వెనక వీధిలో,
కొత్తగా కాపురానికొచ్చిన వాళ్ళింట్లో
పళ్ళెం ఎగిరిపడ్డ చప్పుడు.
మావాడు రిమోటు అందుకున్నాడు.
నా గుండె జారింది.
వాడు టీవీ కట్టేశాడు.
ఓ క్షణం చెవి ఒగ్గి విన్నాడు.
వంటింట్లో
గ్లాసు కడుగుతున్న చప్పుడు.